నోరు నొక్కిన దసరా

నేను ఒక డబ్బాని. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బాని, తెల్లటి ప్లాస్టిక్కు. ఒక పక్క నెట్‌వర్క్ తీగ దూర్చుకునే కన్నం, ముందువైపు గాలి ఆడడానికి సన్నటి చీలికలు, లోపల మినపగింజంత ముక్క. ఆ గింజకి తెలిసిన విద్య ఒక్కటే. చుట్టూ గాలి ఎంత వేడిగా ఉందో చెప్పడం, హద్దు దాటితే అరవడం. మనుషులు నన్ను టెంపరేచర్ సెన్సార్ అంటారు. అటెండరు దాలినాయుడు మాత్రం "వేడిడబ్బా" అంటాడు. నాకు ఆ పేరే బాగుంటుంది.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోడానికేం లేదు. ఎక్కడో ఒక రేకుల షెడ్డులో పళ్లేలకి పళ్లేలు నాలాంటివాళ్లని బిగించేవారు. నన్ను బిగించిన అమ్మాయి నా మొహమైనా సరిగ్గా చూడలేదు. భోజనాల వేళ దగ్గరపడింది, పాపం ఆకలి మీద ఉంది. మూత నొక్కి, టక్కుమని చప్పుడు వినగానే పక్కకి తోసేసింది. అట్టపెట్టెలో పడి, లారీలెక్కి, చివరికి విజయనగరంలో ఒక పాత మేడకి చేరాను.

ఆ మేడలో జానపదుల పాటలు దాచే చిన్న సంస్థ ఉంది. దాని డైరెక్టరు సదాశివ పట్నాయక్ గారు. వయసులో ఉన్నప్పుడు భుజాన రికార్డింగు పెట్టె తగిలించుకుని, ఊరూరా తిరిగి పాటగాళ్ల ముందు కూచుని, వాళ్లు పాడినదంతా టేపుల్లోకి ఎక్కించిన మనిషి. సముద్రపు చెమ్మకి ఆ టేపులు బూజు పట్టాయి. పూర్తిగా పాడయ్యేలోగా వాటిని కంప్యూటర్‌లోకి మార్చింది ఈశ్వరి. మార్చాక బూజు టేపుల్ని పారేశారు. పాటలన్నీ ఒక ఇనప బీరువాలాంటి రాక్‌లో, వరసగా బిగించిన డిస్కుల్లో ఉండేవి. ఇంకో కాపీ కూడా ఉంది. దాన్నీ అదే గదిలో, అదే రాక్‌లో, కింది అరలో పెట్టారు. మనుషుల జాగ్రత్త ఒక్కోసారి చూస్తే నవ్వొస్తుంది. అప్పట్లో నాకూ నవ్వే వచ్చింది.

ఈశ్వరి గురించి చెప్పాలి. ఆ సంస్థలో యంత్రాలన్నీ చూసుకునేది ఆమే. జముకు వాయిస్తూ రాత్రంతా అమ్మవారి కథ చెప్పిన గున్నయ్య కూతురు. గున్నయ్య క్షయతో పోయాడు. ఆయన మేళంలో వంత పాడేవాళ్లు కూడా ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. ఆ కథ ఇంకెవరికీ పూర్తిగా రాదు. పట్నాయక్ గారు ఒకసారి రికార్డు చేసినదే మిగిలింది, అదీ ఆ రాక్‌లోనే. పని ముగిశాక ఈశ్వరి తలుపు దగ్గరకి వేసి, ఆ పాట పెట్టుకుని వినేది. డిస్కులు తిరిగేవి, నా అంకె వెంట్రుకవాసి పెరిగేది. ఆమె కళ్లు తుడుచుకుని లేచేసరికి మళ్లీ దిగేది.

ఇక నన్ను ఎంచిన తీరు. అదొక స్వయంవరం. టై కట్టుకుని వచ్చిన ఒకాయన మెరిసే బొమ్మల పుస్తకం పరిచి, "మేడమ్, మాది మీ ఫోన్‌తోనే నడుస్తుంది. ఇంట్లో కూచుని ఏదైనా మార్చుకోవచ్చు. ఏటేటా చందా కడితే చాలు," అన్నాడు. చందా అనగానే పట్నాయక్ గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు. ఆయన లేదనడం అలాగే ఉంటుంది. దాంతో ఈశ్వరి మాలాంటి చవకరకాలన్నీ తలా ఒకటి తెప్పించి బల్లమీద వరసగా పెట్టింది. పక్కన కాలేజీ లాబ్ నుంచి తెచ్చిన గాజు థర్మామీటరు. మమ్మల్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఐసునీళ్లలో ముంచింది. గుప్పెట్లో పట్టుకుంది. తీగ పీకేసి, మళ్లీ పెట్టి, మధ్యలో చూసినది గుర్తుందో లేదో అడిగింది. తీగ లేకుండా గాల్లో మాట పంపేవాళ్ల గొంతు ఇనప రాక్‌లో పెట్టగానే పడిపోయింది. ఒకడు ఐసులో కూడా ఎండాకాలం అంకె చెప్పాడు. నేను గాజు థర్మామీటరు చెప్పినదే చెప్పాను. నా అరుపు ఆ గదిలో కంప్యూటర్‌కి వెళ్తే, అక్కణ్ణించి అందరి ఫోన్లకీ చేరుతుంది. ఒక్కటే లోటు. అరుపు ఆపాలన్నా, మళ్లీ మొదలెట్టాలన్నా ఆ గదిలో కంప్యూటర్ దగ్గరికే రావాలి.

"అంతే కదా సార్. నేను రోజూ ఇక్కడే ఉంటాను," అంది ఈశ్వరి.

నన్ను ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెడితే అంకె అందంగా ఉంటుందని దాలినాయుడు సలహా ఇచ్చాడు. ఆమె ఒప్పుకోలేదు. రాక్ వెనకాల, పైన, యంత్రాలు వేడి ఊపిరి వదిలే చోట బిగించింది. కష్టమైన చోటే. కానీ నిజం తెలిసే చోటు అదే. నేను అక్కడ బాగానే బతికాను. ఆ ఊళ్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా యంత్రాలు బ్యాటరీల మీద నడిచేవి, ఏసీలు మాత్రం పడుకునేవి. కరెంటు వచ్చినా రిమోట్ నొక్కితే గానీ లేవవు. నేను అరిచేదాన్ని. ఈశ్వరో దాలినాయుడో పరుగెత్తుకొచ్చి నొక్కేవారు. ఇలా ఎన్నిసార్లో. ఎవరూ నాకు దణ్ణం పెట్టలేదు గానీ, నా మాట విన్నారు. అంతకంటే నాకేం కావాలి?

దణ్ణం పెట్టిందీ ఒకసారుంది. ఆయుధపూజ రోజున. రాక్‌కి బంతిపూల దండ వేశారు, కంప్యూటర్‌కి పసుపు రాసి బొట్లు పెట్టారు, దాలినాయుడు భక్తికొద్దీ నా చీలికల మధ్య కూడా ఒక కుంకుమ చుక్క అద్దాడు. ఆ పైన పట్నాయక్ గారు పళ్లెంలో కర్పూరం ముద్ద వెలిగించి సరిగ్గా నా మొహం ముందు తిప్పారు. నేనేం చేసేది? నిప్పు వచ్చిందనుకుని గొంతు చించుకున్నాను. అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి. మంత్రం ఆగిపోయింది. ఆయన మొహం ముడుచుకుంది. హారతి మధ్యలో ఆగడం ఆయనకి మనసులో ముల్లులా ఉండిపోయింది. ఏడాదంతా నా వైపు కోపంగానే చూశారు.

అందుకే మరుసటి దసరాకి ఈశ్వరి ముందే జాగ్రత్తపడింది. పూజకి ముందు కంప్యూటర్ దగ్గర కూచుని నా అరుపు ఆపేసింది. "కాసేపే, వేడిడబ్బా. హారతి అవ్వగానే," అంది. అందరూ అక్కడే ఉన్నారు కదా అని నేనూ కంగారుపడలేదు.

హారతి నిర్విఘ్నంగా జరిగింది. గుమ్మంలో బూడిదగుమ్మడికాయ కొట్టారు. పులిహోర పంచారు. ఈశ్వరి చెయ్యి కడుక్కుని వచ్చి కీబోర్డు మీదకి వంగింది.

"అమ్మా, ఏటది?" దాలినాయుడు అడ్డం వచ్చాడు. "పూజ సేసిన ఆయుధం ముట్టుకుంతారేటి?"

"ఒక్కటే నొక్కు, నాయుడూ. అలారం పెట్టాలి."

పట్నాయక్ గారు గుమ్మంలోంచి చూశారు. "వద్దమ్మా ఈశ్వరీ. మా తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతి. సిరిమానోత్సవం వెళ్లాకే మళ్లీ చెయ్యి వెయ్యాలి. ఇన్నాళ్లూ కాపాడిన తల్లి ఈ నాలుగు రోజులూ కాపాడదా?"

ఆమె చెయ్యి కీబోర్డు మీద గాల్లో ఆగింది. ఆయన మాట కాదనలేక మాత్రమే కాదు. తన తండ్రి జముకుని కూడా ఇంట్లో అలాగే పూజించి, ముట్టుకోకుండా ఉంచేవారు. ఆ పసుపు, ఆ బొట్టు చూస్తే ఆమెకి చెయ్యి రాలేదు. నా వైపు ఒకసారి చూసి, లైటు తీసేసింది. తాళం వేసి, తాళానికి నిమ్మకాయ కట్టారు.

తర్వాత రోజులు చల్లగానే గడిచాయి. సిరిమాను రోజు వచ్చింది. పైడితల్లి అమ్మవారి పండగ, ఊరంతా వీధుల్లోనే ఉంది. కొసన పూజారిని కూచోబెట్టి ఊరేగించే ఆ మాను ఎత్తు ఎక్కువ, అది కదిలే దారిలో తీగలు తగలకుండా మధ్యాహ్నం కరెంటు ఆపారు. ఏటా జరిగేదే. యంత్రాలు బ్యాటరీల మీద నడిచాయి, ఏసీలు పడుకున్నాయి. ఊరేగింపు ముగిశాక కరెంటు వచ్చింది. ఏసీలు లేవలేదు.

నేను అరిచాను.

అరుపు తీగ వెంట కంప్యూటర్‌కి వెళ్లింది, అక్కడ ఆగిపోయింది. మళ్లీ అరిచాను. గాలి కదలడం మానేసింది. దండలో బంతిపూలు వడలి వేలాడాయి. నా అంకె ఎక్కుతూనే ఉంది, నేను ఎన్నడూ చూడని చోటికి ఎక్కింది. ఈశ్వరీ, రా. నాయుడూ, రా. ఎవరో ఒకరు రండి, ఒక్క మీట నొక్కండి! అంత చిన్న పని! ఈ గదిలో గున్నయ్య ఉడికిపోతున్నాడు. ఆ సమయానికి ఈశ్వరి జనంలో నిలబడి, అందరిలాగే సిరిమాను మీదకి అరటిపండు విసిరి మొక్కుకుంటోందట. తర్వాత తనే చెప్పింది. అయ్య పాట చల్లగా ఉండాలనే మొక్కుకుందట.

సాయంత్రం దాలినాయుడు వచ్చాడు. బయట గట్టుమీద కూచున్నాడు. చెమట తుడుచుకుంటూ తలుపుకి వీపు ఆనించాడు. "అబ్బ, తలుపు కాలిపోతందిరా, పడమటెండ!" అని పక్కకి జరిగాడు. పడమటెండ కాదయ్యా, లోపల నేను! తాళం చెవి అతని మొలతాడుకే ఉంది. అతను నిమ్మకాయ కేసి చూసి దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ అడుగుల చప్పుడు దూరమైనప్పుడు నాకు కలిగిన దుఃఖాన్ని ఏ డిగ్రీల్లో చెప్పాలో తెలీదు. ఆ పాత యంత్రానికి వేడెక్కితే తనంతట తాను ఆగే తెలివి లేదు. డిస్కులు ఒకటొకటిగా టక్ టక్ మని కొట్టుకున్నాయి. తర్వాత ఒకటొకటిగా ఆ చప్పుడు కూడా మానేశాయి. పై అర ముందు, కింది అర వెనక. మర్నాడు కూడా సెలవే.

ఆ పై రోజు పొద్దున నాయుడి దగ్గర చెవి తీసుకుని తలుపు తీసింది ఈశ్వరే. వేడి మొహాన కొట్టగానే ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత లోపలికి దూకి, ఏసీలు నొక్కి, కంప్యూటర్ ముందు కూలబడింది. ఏది తెరవబోయినా ఖాళీ. కింది అర తెరిచింది, అదీ ఖాళీ. "అయ్యా," అంది ఒక్కసారి.

పట్నాయక్ గారు వచ్చారు. జీవితమంతా మోసి తెచ్చుకున్నది పోయిందని అర్థం కావడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. గోడ పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి నన్ను చూపించి, "చవకరకం కొన్నాం. సమయానికి పనిచెయ్యలేదు. మన సంస్థ కమిటీకి అలాగే రాద్దాం," అన్నారు.

ఆయన మాటలో దయ ఉంది, అబద్ధమూ ఉంది. డబ్బాకి ఉద్యోగం పోదు, పెన్షనూ పోదు. నేను మోయగలను ఆ నింద. కానీ ఈశ్వరి తల అడ్డంగా ఊపింది.

"అది అరిచింది సార్. దాని నోరు నేనే నొక్కాను."

"నువ్వొక్కదానివే కాదమ్మా," అన్నారాయన. దాలినాయుడు గుమ్మం దగ్గర కూచుని, తలుపుకి ఆన్చిన వీపు తగలబడిపోతున్నట్టు, "నా వీపుకి తెలిసిందమ్మా, నాకు తెలవలేదు," అని ఏడ్చాడు.

డిస్కుల్ని, పోయినవి వెలికితీసే హైదరాబాదు వాళ్లకి పంపారు. ఆ వారాలన్నీ రాక్ ఖాళీ. వేడి ఊపిరి వదిలేవాళ్లే లేని చోట నాకేం పని? దాలినాయుడు నన్ను విప్పి చెత్తబుట్టలో వేయబోతే, ఈశ్వరి తీసుకుని తన బల్లమీద పెట్టుకుంది. ఒక పాత తీగ తగిలించింది. నేను ఆమె బల్ల దగ్గరి వేడి చెబుతూ కూచున్నాను. ఆలోచించడానికి బోలెడంత తీరిక. మనుషులు మమ్మల్ని కొనేటప్పుడు ఎంత బాగా వినగలమో పరీక్షిస్తారు, ఎంత నిజం చెబుతామో చూస్తారు. ఐసులో ముంచి మరీ చూస్తారు. తాము వినగలరో లేదో మాత్రం ఎవరూ ఏ నీళ్లలోనూ ముంచి చూసుకోరు. వాళ్ల మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. ఈశ్వరి మొహం చూస్తుంటే రాలేదు.

వెలికితీసినవి విడతలు విడతలుగా వచ్చాయి. కొన్ని పాటలు నిండుగా, కొన్ని మధ్యమధ్య తెగి. మంచి కబురు వచ్చినప్పుడల్లా పట్నాయక్ గారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టేవారు. ఈశ్వరి కూడా నవ్వేది, ఆయన కోసం. గున్నయ్య ఎక్కడా లేడు. ఆఖరి విడతలో ఆయన పేరుతో ఒక చిన్న ముక్క వచ్చింది.

ముగ్గురూ బల్ల చుట్టూ చేరారు. ఈశ్వరి స్పీకరు పెట్టి నొక్కింది. మొదట గరగర. జముకు తీగ బిగించి శ్రుతి చూసుకుంటున్న చప్పుడు. ఒక దగ్గు. ఆ తర్వాత ఒక గొంతు, బొంగురుగా, సరదాగా.

"ఏటి బావూ, మీ పెట్టె తిరుగుతందా? ఇక పాడీమంతారా?"

అక్కడితో తెగిపోయింది. పట్నాయక్ గారు చెయ్యి చాపి స్పీకరు ఆపబోయారు, మళ్లీ ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఈశ్వరి స్పీకరు దగ్గరికి వంగింది.

"పాడీ, అయ్యా," అంది.