ఆముదానికి అక్కర్లేని వంతు

మనిషిగానీ పిట్టగానీ పశువుగానీ నోట పెట్టని మొక్కను నాటితే అది పుణ్యం కిందికి వస్తుందా? నిసార్ అహ్మద్‌ను ఈ సందేహం కొన్నాళ్లుగా వదలలేదు. నాటినదాన్ని ఏ ప్రాణి తిన్నా నాటినవాడికి దానం చేసినంత ఫలమని చిన్నప్పుడు కడప మసీదులో విన్నాడు. తీరా పొలం పనికి వచ్చిన అరబ్బు దేశంలో, రుస్తాఖ్‌లో అతని చేతికి వచ్చింది ఆముదం. మేక కూడా మూతి తిప్పుకుని పోయే చెట్టు.

అంతకుముందు ఆ పొలంలో పశువుల గడ్డి పెరిగేది. గడ్డి భూమిలోని నీళ్లన్నీ తాగేస్తోందని సర్కారు ఆపమంది. బోరు ఆగింది, సగం పొలం బీడు పడింది. కొండల్లోంచి వచ్చే ఫలజ్ కాలువలో పొలానికున్న వంతు నీళ్లే మిగిలాయి. తర్వాత బీళ్లలో యంత్రాల నూనెకు పనికొచ్చే పంట వేసుకోవచ్చన్నారు. అజైబాలోని ఒక కంపెనీ గింజలు కొంటానంది.

“మీ ఊరి పంటే కదా. ఇది కూడా పోతే పొలం అమ్మేస్తాను నిసార్, నువ్వు ఇంటికి పోవచ్చు” అన్నాడు అర్బాబ్. పొలం యజమానిని అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. నవ్వుతూనే అన్నాడుగానీ అది నవ్వులాటకు అన్న మాట కాదు.

నిసార్ తన సందేహాన్ని ఫోన్లో భార్య నఫీసాకు చెప్పాడు.

“నోట్లోకి పోయేదొక్కటేనా పంట? సానియా పుట్టినప్పుడు మాడుకు మీ అమ్మ పట్టించిందేంది, నెయ్యా?” అంది ఆమె. నిసార్ నవ్వేశాడుగానీ సందేహం మాత్రం అలాగే ఉండిపోయింది.

మొక్కలు మోకాలెత్తు పెరిగాక ఆకులు పసుపెక్కి వాలాయి. నిసార్ ఇంకాస్త నీళ్లు పెట్టాడు. పక్క ఖర్జూరం తోటలో పనిచేసే జగిత్యాల పెద్దులు గట్టు మీద నిలబడి నవ్వాడు.

“ఏంది భాయ్, ఆముదానికి తానం పోస్తున్నవా? వరి అనుకున్నవా ఏంది?”

“వాడిపోతాంటే ఏం చేయమంటావు పెద్దులూ? ఎండ చూడు ఎట్లుందో.”

“ఎండకు కాదే. జెర తవ్వి సూడు.”

తవ్వారు. వేరు నల్లబడి కుళ్లు వాసన వేసింది.

కడపలో నిసార్ తండ్రి ఆముదం వేసి ఆకాశం వంక చూసేవాడేగానీ ఒక్క తడి పెట్టి ఎరగడు. ఆ సంగతి నిసార్‌కు తెలియక కాదు. నీళ్లకు మొహం వాచిన ఊళ్లో పుట్టినవాడు. వంతు రోజున కాలువ నిండా నీళ్లు గలగలా పోతుంటే మడవ మూసి ఊరుకోలేకపోయాడు.

“ఇగ నీళ్లు బంద్ పెట్టు” అన్నాడు పెద్దులు.

“అల్లా ఇచ్చిన నీళ్లబ్బా, ఊరికే ఎట్ల పోనిచ్చేది?”

“పోనీ. లేకుంటే నువ్వే పోతవ్ ఇంటికి.”

తర్వాతి వంతుకు నిసార్ మడవ తీయలేదు. నీళ్లను కిందికి సాగనిచ్చాడు. కొన్ని మొక్కలు చచ్చాయి. మిగిలినవి మెల్లగా ఎర్రటి చిగుళ్లు వేసి, పోనుపోను గెలలు తొడిగాయి. అర్బాబ్ వచ్చి ఒక గెలను అరచేతిలో ఎత్తి చూశాడు.

“వచ్చే ఏడు మిగతా బీడు కూడా దున్ను” అన్నాడు.

ఆ మాటతో నిసార్ కడుపులో చల్లటి పాలు పోసినట్టయింది. వెంటనే ఇంకోటి అడిగాడు. గడ్డి రోజుల్లో ఒక వేసవి బోరు మోటారు కాలిపోతే, పెద్దులు తన తోటాయనను ఒప్పించి వంతులో సగం ఇటు మళ్లించాడు. తిరిగి ఇద్దామంటే గడ్డి ఏనాడూ చుక్క మిగల్చలేదు, పెద్దులూ నోరు తెరిచి అడగలేదు.

“ఇప్పుడు మనకు మిగులుతున్నాయి అర్బాబ్. ఇవ్వమంటారా?”

“ఇచ్చెయ్. బాకీ ఉన్న నీళ్లతో నా పొలం ఎందుకు తడవాలి?” అన్నాడు అర్బాబ్.

వంతు రోజు పొద్దున్నే నిసార్ బిస్మిల్లా అని మడవను ఖర్జూరం తోట వైపు తిప్పాడు. పెద్దులు లుంగీ ఎగగట్టి పారతో నీళ్ల ముందు నడిచాడు. వరుసగా పాదులు నిండాయి. సగం వంతు గడవగానే తోట చివరి నుంచి కేక వేశాడు.

“సాలు భాయ్! నాయి నాకొచ్చినయ్, కట్టెయ్!”

ఆముదం వదిలిన నీళ్లు మనుషులూ పిట్టలూ తినే చెట్లకు చేరాయనుకుంటూ నిసార్ మడవ కట్టేశాడు.