ఎడమ మడమ గుంట

నేను ఒక రాతి పలకను. చైనాలో షాన్షీ కొండల్లో సుత్తులతో పగలగొట్టి, గాడిద బండి మీద తెచ్చి, నన్ను మెంగ్ గురువు పెరట్లో పరిచారు. ఆయనది లోపలి బలం విద్య. పిడికిలి బిగించే పని కాదు. కదలకుండా నిలబడి, ఊపిరినీ ఒంటి బరువునూ అరికాళ్ల దాకా దించాలి. అప్పుడు తోసినా మనిషి కదలడు. తోసినవాడే వెళ్లి గోడకు కొట్టుకుంటాడు.

రోజూ తెల్లవారుతుండగా తలుపు గడియ పెట్టి నా మీద నిలబడేవాడు. ఏళ్ల తరబడి నిలబడితే రాయికైనా గుంట పడుతుంది. నాకు రెండు పడ్డాయి. ఎడమ మడమది బాగా లోతు. అందులో విద్యేమీ లేదు. పడుచుతనంలో ఎక్కడో పోటీలో ఆయన కుడి మోకాలు విరిగింది. ఆ కాలిని కాపాడుకోవడానికి బరువంతా ఎడమ మడమ మీదకు నెట్టేవాడు. కుంటి గురువంటారని పొడుగు అంగీ కింద దాచేశాడు, ఎవరికీ చెప్పలేదు. పరువు మరి.

ఇంకో గొప్ప పని కూడా చేశాడు. ఆడపిల్లకు ఈ విద్య చెప్పనని తన గురువుకు మాటిచ్చాడు. పెళ్లయితే విద్య పరాయి ఇంటికి పోతుందట. విద్యేమన్నా ఇత్తడి బిందా, చంకన పెట్టుకుపోవడానికి? కొడుకు యుద్ధంలో పోయాడు. శిష్యులు బతుకుతెరువుకు తలో దిక్కూ పోయారు. మిగిలింది కూతురు సూచిన్, ఆమె చేతిలో చీపురు.

ఊడవడానికి వచ్చినప్పుడల్లా సూచిన్ చీపురు గోడకానించి, ఆ గుంటల్లో పాదాలు పెట్టి నిలబడేది. మొదట్లో ఊగిపోయేది. పోగా పోగా ఆమె బరువు నాలోకి దిగడం మొదలైంది, ఎడమ మడమతో సహా.

గురువు మంచాన పడి లేచిన ఒక ఉదయం, ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే నా మీదికొచ్చి తూలాడు. బరువంతా ఆమె మీద పడింది. ఆమె కదలలేదు. ఆయనకు అనుమానం వచ్చింది. ఉన్న సత్తువంతా కూడగట్టి తోశాడు. ఆ తోపు ఆమె ఒంట్లోంచి జారి నాలోకొచ్చి ఆగింది.

“ఎవరు నేర్పారే నీకు?”

“ఎవరూ నేర్పలేదు నాన్నా. మీ అడుగుల్లో నిలబడ్డానంతే.”

“ఆడపిల్లకు చెప్పనని మా గురువుకు మాటిచ్చానే.”

“మీరు చెప్పలేదు కదా.”

ఆయన వంగి ఆమె పాదాలు చూశాడు. నిక్షేపంలాంటి కాళ్లు, తన అవిటితనాన్ని మోస్తున్నాయి.

“ఆ ఎడమ మడమ...” అని మొదలుపెట్టాడు.

ఆమె తలెత్తి చూసింది. నేనూ ఎదురుచూశాను. కానీ తప్పు దిద్దితే నేర్పినట్టే. మాట తప్పినట్టే. నోరు మూసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ చలికాలం దాటలేదు.

శవాన్ని తీసుకెళ్లిన మర్నాడు, తెల్లవారుతుండగా నా మీద బరువు దిగింది. అదే ఊపిరి, అదే మడమ. పోయినవాడు తిరిగొచ్చాడని భయపడ్డాను. గోడకానించిన చీపురు జారి పడ్డ చప్పుడుకు తెలిసింది, సూచిన్ అని. తెలిసినా నా భయం పోలేదు.

ఇప్పుడు ఆ తలుపుకు గడియ లేదు. వీధిలో ఆడపిల్లలంతా వస్తారు. సూచిన్ ఒక్కొక్కరినీ ఆ గుంటల్లో నిలబెడుతుంది. “ఎడమ మడమ మీద బరువుంచండమ్మా, మా నాన్న విద్యంతా అక్కడే ఉంది” అంటుంది. ఒకమ్మాయికి తుంటి నొప్పి మొదలైంది. ఇంకొకమ్మాయి కుంటుతూ ఇంటికి పోతోంది. సాధన చాల్లేదనుకుని మర్నాడు మరింత గట్టిగా నిలబడతారు. ఎవరు అడుగు వేసినా నాకు ఆయన నడకే వినిపిస్తుంది.

నేను రాయిని. నాకు నోరు లేదు.

ఆయనకు ఉండేది.