నాలుక మాస్టారు మింగిన కప్పు

ఆఫీసులో ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. అందరికీ ఆయన నాలుక మాస్టారు. ముప్ఫై రెండేళ్లుగా టీ ఆకుల కంపెనీలో రుచి చూసే ఉద్యోగం. పొద్దున్నే కిటికీ పక్కన పొడుగాటి బల్ల మీద తెల్లటి పింగాణీ కప్పులు వంద దాకా వరసగా నిలబడతాయి. ఆయన చెంచాతో కాస్త తీసుకుని, పక్క గదిలోకి కూడా వినపడేలా సర్రుమని పీల్చి, నోట్లో ఒక్క తిప్పు తిప్పి, కాళ్ల దగ్గరున్న పొడుగు డబ్బాలో ఉమ్మేస్తాడు. ఆ రెండు క్షణాల్లోనే ఆకు ఎప్పుడు కోశారో, ఎక్కడ తడిసిందో, ఆరబెట్టేటప్పుడు ఎవరు కునికిపాట్లు పడ్డారో చెప్పేస్తాడు. నమ్మకుండా పందెం కాసినవాళ్లంతా మూతి ముడుచుకుని వెళ్లినవాళ్లే.

ఇలాంటి మనిషి పొద్దస్తమానం టీ తాగుతుంటాడని లోకం అనుకుంటుంది. అసలు సంగతి ఏమిటంటే ఆయన టీ తాగడు. వంద కప్పులు మింగితే సాయంత్రానికి మనిషి మిగలడు గనక, ఉమ్మడం ఆ పనిలో మొదటి పాఠం. మొదటి నెలలో నేర్చుకున్న ఆ పాఠాన్ని ఆయన ఎంత బాగా వంటబట్టించుకున్నాడంటే, ఇంటికెళ్లినా వేడినీళ్లే తాగేవాడు. ఎవరైనా ఒక కప్పు పెట్టి ఇమ్మంటే, ఆఫీసు పని ఇంటికి తీసుకురానని తప్పించుకునేవాడు.

ఇంట్లో అడిగేది కూడా ఒక్కరే, అక్క. అమ్మ పోయేనాటికి ఆయనకు ఎనిమిదేళ్లు, ఆవిడకు పద్దెనిమిది. కుట్టుమిషన్ తొక్కి తమ్ముణ్ణి పెంచింది. పెళ్లి గొడవ ఇద్దరికీ పట్టలేదు. మూడు గదుల ఇంట్లో ఆవిడ మిషన్ చప్పుడూ, ఈయన ప్రతిదాన్నీ వాసన చూసే అలవాటూ కలిసి ముసలివవుతున్నాయి. బస్సు టికెట్టు చేతికొచ్చినా వాసన చూడకుండా జేబులో పెట్టుకోడు. తప్పు పట్టడానికి కాదు, తెలుసుకోవాలనే దురద అంతే.

అలాంటి ఇంట్లోకి క్యాన్సర్ వచ్చింది. అక్క రొమ్ములో గడ్డ, ఆపరేషన్, ఆ తర్వాత మూడు వారాలకొకసారి చొప్పున ఆరు కీమోలు. మొదటి కీమో అయ్యాక ఆయనకు చేతులు కట్టేసినట్టు ఉండేది. మందులు నర్సులు ఇస్తారు, వంటా ఇంటి పనీ చేయడానికి ఒకావిడ వస్తుంది, తను కుర్చీలో కూర్చుని అక్క కేసి చూడటం తప్ప పని లేదు. సరిగ్గా అప్పుడే చూడటానికొచ్చిన ప్రతివాళ్లూ ఒకే మాట అనడం మొదలుపెట్టారు, గ్రీన్ టీ చాలా మంచిదట అని. ఎవరు చెప్పారంటే ఎవరో చెప్పారట.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. లోకంలో ఇన్ని వస్తువులుండగా తన చేతిలో ఉన్న విద్యే అక్కకు పనికొస్తుందంటే ఎవరికి మాత్రం సంతోషంగా ఉండదు? అయినా గుడ్డిగా నమ్మే రకం కాదు, డాక్టరునే అడిగాడు. ఆయన తలెత్తకుండా, ఒకటి రెండు కప్పులు తాగితే ఫర్వాలేదు అన్నాడు. మాస్టారు మంచి ఆకు వెతికి తెచ్చాడు. తూకం వేసి, మరుగుతున్న నీళ్లు పోసి, మూత పెట్టి, గడియారం చూసుకుని ఆరు నిమిషాలకు వడకట్టాడు. పొద్దున్నే పరగడుపున ఒకటి, టిఫిన్ అయ్యాక ఒకటి, రెండు పూటలా భోజనం కాగానే ఒక్కోటి. డాక్టరు రెండన్నాడు గానీ, మంచిది రెండైతే నాలుగు ఇంకా మంచిది కదా అని తనే హెచ్చించాడు. అక్క ప్రతి కప్పూ అడుగు కనపడేదాకా తాగి, బాగుందిరా అని తిరిగిచ్చేది.

మూడు కీమోలు అలా గడిచాయి. నాలుగోదానికి వెళ్తే డాక్టరు మందు ఎక్కించలేదు. బరువు నాలుగు కిలోలు తగ్గింది, రక్తం బాగా పడిపోయింది, ఈ స్థితిలో ఒళ్లు తట్టుకోదన్నాడు. వారం వాయిదా వేశాడు. వచ్చే సోమవారానికి కూడా బరువు ఇలాగే జారితే మందు తగ్గించడమో, కొన్నాళ్లు ఆపడమో చేయాలి, అది మనకు మంచిది కాదని మెల్లగా చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు మాస్టారికి నిజంగా భయమేసింది. అమ్మ పోయిన రోజు తర్వాత అంత భయం ఆయన ఎరగడు.

భయం వేస్తే ఆయన చేసే పని ఒకటే, పరిశోధన. ఆఫీసులో ఒక సరుకు చెడిందంటే వెనక్కి నడుస్తారు. కప్పు నుంచి నీళ్లకి, నీళ్ల నుంచి పాత్రకి, పాత్ర నుంచి ఆకుకి, ఎక్కడ తేడా ఉందో దొరికేదాకా వదలరు. ఇంట్లోనూ అదే మొదలుపెట్టాడు. కుళాయి నీళ్లు సర్రుమని పీల్చి ఉమ్మాడు. పాలు, ఉప్పు, నూనె, రొట్టె, గుడ్డు, దేన్నీ వదల్లేదు. వంట చేసే ఆవిడ ఆ చప్పుడుకి రెండుసార్లు గరిట జారవిడిచింది, మూడోసారి తన వంటను అనుమానిస్తే రేపట్నుంచి రానంది. రెండు రోజుల్లో నోటు పుస్తకంలో పద్నాలుగు పేజీలు నిండాయి. తేడా మాత్రం దొరకలేదు. ఇంట్లో అన్నిటినీ అనుమానించాడు గానీ టీని అనుమానించలేదు. అది తను చేసింది కదా.

మూడో రోజు ఆ పుస్తకం పట్టుకుని ఆసుపత్రిలో డైటీషియన్ దగ్గరికి వెళ్లాడు. ముప్ఫై ఏళ్లు కూడా నిండని అమ్మాయి, కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని మాట్లాడుతుంది, ఒక ప్రశ్నకు జవాబు చెప్పేలోపు ఇంకోటి సిద్ధం. మాస్టారికి మొదటి నిమిషంలోనే ఆ పిల్ల నచ్చింది, తన జాతే అనిపించింది. ఆమె పుస్తకం మొత్తం చదివి, అక్క ముందు పెట్టిన భోజనంలో సగానికి సగం ఎందుకు మిగిలిపోతోందని అడిగింది. కడుపు నిండిపోయిందంటుందమ్మా అన్నాడాయన. దేనితో నిండిందని అడిగింది. తర్వాత ఆమె వేలు టీ దగ్గర ఆగింది. రోజుకు నాలుగు కప్పులని రాశారు, ఎలా చేస్తారు?

ఇన్నాళ్లకు అడగాల్సిన ప్రశ్న ఒకరు అడిగారని మాస్టారు పొంగిపోయాడు. ఆకెంత, నీళ్లెంత, మూత ఎందుకు, నిమిషాలెన్ని అంతా వల్లించాడు. ఆమె అర్థమైనట్టు తలూపి, గదిలో ఉన్న కెటిల్ చూపించి, ఇక్కడొకటి చేసి పెట్టండి అంది. చిన్న తక్కెడా, గడియారం, మూత కప్పూ, ఆకు పొట్లం ఎప్పుడూ ఆయన సంచిలోనే ఉంటాయి. చేశాడు. ఆమె ఒక గుక్క తాగింది. రెండు కళ్లూ గట్టిగా మూసుకుంది. తర్వాత కప్పు ఆయన వైపు జరిపింది.

ఆయన చెంచా తీసి అలవాటుగా సర్రున పీల్చాడు. బ్రహ్మాండంగా ఉంది. ఉమ్మడానికి డబ్బా కోసం అటూ ఇటూ చూశాడు.

"ఉమ్మకండి సార్," అంది ఆ అమ్మాయి. "మీ అక్కగారు మింగుతున్నారు కదా. మొత్తం తాగండి."

నోట్లో టీ పెట్టుకుని ఆయన కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత మింగాడు. మొదటి రెండు గుక్కలు బాగానే దిగాయి. మూడోదానికి నాలుక పిడచగట్టుకుపోయింది. సగం కప్పుకి పొట్టలో ఏదో మెలిపెట్టింది. ఆ పొద్దున ఆయన ఇంకా ఏమీ తినలేదు. కప్పు ఖాళీ అయ్యేసరికి నుదుటి మీద చెమట పట్టింది, ఎదురుగా బల్ల మీదున్న బిస్కెట్ల పళ్లెం చూస్తే మొహం తిప్పుకోవాలనిపించింది.

అప్పుడు గాని ఆయనకు తట్టలేదు. ఆఫీసులో టీ అంత చిక్కగా ఎందుకు కాస్తారు? లోపమంటూ ఉంటే దాక్కోకుండా బయటపడాలని. అది పరీక్షకి పెట్టే కప్పు, మనిషికి పెట్టే కప్పు కాదు. మామూలు ఇళ్లలో అందులో మూడోవంతు ఆకు వేసి, రెండు నిమిషాలకే తీసేస్తారు. డాక్టరు ఒకటి రెండు కప్పులన్నది ఆ కప్పు గురించి. తనకు తెలిసిన కప్పు ఒక్కటే, అది ఎవరూ తాగనిది.

డైటీషియన్ ఆయన్ని తిట్టలేదు. చిక్కటి టీ పరగడుపున వికారం తెస్తుందని, ఆకలి చంపుతుందని, భోజనం మీద తాగితే తిండిలో ఉన్న ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదని చెప్పింది. బరువు తగ్గడానికి కారణం అదొక్కటే అని తను చెప్పలేనని, కీమో కూడా ఆకలి తీసేస్తుందని అంది.

"మరి అందరూ మంచిదంటున్నారే, అదంతా ఉత్తదేనా?" అని అడిగాడు. తప్పించుకోవడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"ఉత్తదని నేననను. చదువుతున్నారు, వెతుకుతున్నారు. ఇది తాగితే జబ్బు తగ్గుతుందని చెప్పేంత రుజువు మాత్రం ఇంకా దొరకలేదు. అది మందు కాదు సార్, ఒక పానీయం. ఆవిడకి ఇష్టమైతే, పల్చగా, భోజనానికీ భోజనానికీ మధ్య ఒక కప్పు. కొన్ని మందులకి దానితో పడదు, ఆవిడ మందుల సంగతి డాక్టర్‌ని అడిగి నేనే చెప్తాను. గ్రీన్ టీ మాత్రలూ పొడులూ అని అమ్ముతారు, వాటి జోలికి వెళ్లకండి. ముందు ఆవిడ నోటికి ఏం రుచిస్తోందో కనుక్కోండి. అది నాకంటే మీకే బాగా చేతనవుతుంది."

ఇంటికొచ్చేసరికి అక్క మిషన్ దగ్గర కూర్చుని ఉంది. కుట్టడం లేదు, ఊరికే చక్రం మీద చెయ్యి వేసుకుని ఉంది. ఆయన చెప్పులు కూడా విప్పకుండా అడిగాడు, నోటికి అసలు రుచి తెలుస్తోందా అని.

"ఇనుము," అంది ఆవిడ. "రెండు నెలల్నుంచి ఏది తిన్నా ఇనుప మేకు చప్పరించినట్టే ఉందిరా. నీ టీ అయితే మేకూ, దాని మీద చేదూ."

"మరి బాగుందన్నావేం?"

"నీ నాలుక గురించి ఊరంతా చెప్పుకుంటుంది. చెడింది నా నాలుకే అనుకున్నా." ఆవిడ మిషన్ చక్రాన్ని ఒకసారి తిప్పి వదిలేసింది. "పైగా ముప్ఫై ఏళ్లలో నువ్వు నాకు ఒక్క కప్పు టీ పెట్టివ్వలేదు. ఇన్నాళ్లకి పెడుతుంటే వద్దని ఎలా అనేదిరా?"

ఎక్కడ ఏ ఆకు తడిసినా పట్టేసే మనిషికి తన ఇంట్లో, తన ఎదురుగా, రోజుకు నాలుగుసార్లు చెప్పిన అబద్ధం పట్టుబడలేదు. ఆయన అక్క పక్కన కింద కూర్చుని ఏడ్చాడు. చిన్నప్పుడు ఏడ్చినట్టే, ముక్కు చీదుకుంటూ. ఆవిడ తల నిమిరి, చాల్లే లే, చెప్పులు బయట విప్పు అంది.

మర్నాడు పొద్దున కిటికీ దగ్గరికి బల్ల జరిగింది. ఆఫీసు నుంచి తెచ్చిన ఆరు తెల్ల కప్పులు వరసగా నిలబడ్డాయి. కప్పుల్లో టీ లేదు. ఒకదాంట్లో వెచ్చటి పాలు, ఒకదాంట్లో కూరగాయల సూపు, ఒకదాంట్లో మెత్తగా చిదిమిన గుడ్డు, ఒకదాంట్లో బంగాళదుంప, ఒకదాంట్లో నిమ్మరసం పిండిన చల్లటి పెరుగు, చివరిదాంట్లో వేరుశనగ పొడి కలిపిన అరటిపండు గుజ్జు. ఇనుప చెంచాలన్నీ లోపల పడేసి చెక్క చెంచాలు తెచ్చాడు. అక్క కాళ్ల దగ్గర ఒక డబ్బా పెట్టాడు. నచ్చకపోతే ఉమ్మెయ్, మొహమాటపడకు, మా ఆఫీసులో ఉమ్మనివాణ్ణే తిడతారు అన్నాడు.

సర్రున పీల్చడం ఎలాగో నేర్పాడు. ఆవిడకు మొదటిసారి పొలమారింది, రెండోసారి నవ్వొచ్చింది, మూడోసారి వంటావిడ తలుపు దగ్గరకొచ్చి నిలబడేంత చప్పుడొచ్చింది. పాలు ఇనుము. ఉమ్మింది. సూపు ఇనుము. ఉమ్మింది. గుడ్డు నోట్లో పెట్టుకుని మొహం అదోలా పెట్టి, డబ్బా దగ్గరికి లాక్కుంది. బంగాళదుంప గురించి అడిగితే మట్టి అంది. మాస్టారు ప్రతిదీ గంభీరంగా రాసుకుంటున్నాడు. మిగిలిన రెండూ కూడా పోతే ఏం చేయాలో ఆయనకు తెలియదు.

పెరుగు చెంచా నోట్లోకెళ్లింది. అక్క డబ్బా కేసి వంగలేదు. కళ్లు చిన్నవి చేసి, నోట్లో అటొకసారి ఇటొకసారి తిప్పింది.

"పుల్లగా ఉందిరా," అంది, ఎవరో పాత స్నేహితురాలు గుమ్మంలో కనపడినట్టు. మింగింది. ఇంకో చెంచా తీసుకుంది. కప్పు అడుగు గీకి, ఆరోదాని వైపు తనంతట తనే చెయ్యి చాచింది. అరటిపండు సగం దాకా తిని, ఇది ఇనుమే గానీ తియ్యటి ఇనుము, పనికొస్తుంది అంది.

మిగిలిన రోజులు ఆ ఇంట్లో పెరుగుదే రాజ్యం. గుడ్డును చల్లార్చి నిమ్మకాయతో పెరుగులో కలిపితే అదీ దిగింది. రెండేసి గంటలకు చిన్న కప్పు, పెద్ద పళ్లెం మాటే లేదు. డైటీషియన్ ఫోన్ చేసి, అక్క మందులకీ పల్చటి టీకీ తగాదా లేదని డాక్టరు చెప్పారంది. అయినా ఆ వారం ఆయన మళ్లీ ఆకు పొట్లం ముట్టుకోలేదు.

సోమవారం అక్క చెప్పులు విప్పి బరువు చూసే మెషిన్ మీద నిలబడింది. నర్సు అంకె రాసుకునే లోపే మాస్టారు మెడ చాచి చూశాడు. ఆరు వందల గ్రాములు పెరిగింది. రక్తం ఇంకా తక్కువే గానీ కిందికి జారలేదు. టీ మానినందువల్లనా, పెరుగు వల్లనా, వారం విశ్రాంతి దొరికినందువల్లనా అని ఆయన డాక్టర్ని మూడు రకాలుగా అడిగాడు. ఏదో ఒకటని చెప్పలేను, కానీ ఇవాళ మందు ఎక్కిద్దాం అన్నాడు డాక్టరు. మాస్టారు ఆ ప్రశ్నను పుస్తకంలో రాసుకుని, ఎదురుగా జవాబు చోటు ఖాళీగా వదిలాడు.

అక్క చేతికి సూది పెట్టి, సీసా వేలాడదీసి నర్సు వెళ్లిపోయింది. గంట గడిచాక, టీ తాగాలనుందిరా అంది ఆవిడ. నిజంగా ఉందా అని ఆయన రెండుసార్లు అడిగాడు. నిజంగానే అంది. ఫ్లాస్కులోని వేడినీళ్లలో చిటికెడు ఆకు వేసి, రెండు నిమిషాలకే వడకట్టి, రెండు కప్పుల్లో పోశాడు. లేత గడ్డి రంగులో ఉంది, అంత పల్చటిది ఆఫీసులో చేస్తే ఉద్యోగం ఊడుతుంది.

అక్క తన కప్పు అందుకోలేదు. "ముందు నువ్వు," అంది.

ఆయన కప్పెత్తి, అలవాటు ఎక్కడికి పోతుంది, సర్రుమని పీల్చాడు. వార్డులో ఉన్న అయిదారు తలలూ ఇటు తిరిగాయి. అక్క ఆ తలల్ని పట్టించుకోలేదు, తమ్ముడి గొంతు కేసే చూస్తోంది. ఆ గొంతు కిందికి కదిలాక, సూది లేని చెయ్యి చాచి తన కప్పు తీసుకుంది.