గోడ అవతలి పాట

జడ చుట్టి ముడేసుకుని, పళ్ళ మధ్య పట్టుకున్న పిన్ను తీసి కొప్పులో గుచ్చి, ఆమె మంచం పక్క గోడ మీద వేలి కణుపులతో రెండు దెబ్బలు కొట్టింది. కొట్టి, అరచెయ్యి గోడకి ఆనించి నిలబడింది. అవతలి గదిలోంచి జవాబు రావాలి. రోజూ చెయ్యి ఆనించీ ఆనించకముందే వచ్చేది. ఇవాళ రాలేదు.

వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడ్డ మాడు వాసన వచ్చింది. పోతే పోయాయిలెమ్మని ఆమె కదల్లేదు. చాలాసేపటికి గోడలో ఒకే ఒక్క దెబ్బ, చెయ్యెత్తే ఓపిక లేనివాడు కొట్టినట్టు, మెత్తగా అరచేతికి తగిలింది. అమ్మయ్య అనుకుంది.

అవతల ఉన్నది అన్నయ్య. ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. ఆస్పత్రి వాళ్ళు మందులు రాసి, "ఇంట్లోనే బాగా చూసుకోండమ్మా" అని పంపించేశారు. ఆ మాటకి అర్థమేమిటో ఆమెకి తెలుసు. తెలిసినా తెలియనట్టే నెట్టుకొస్తోంది.

ఇద్దరూ చిన్నప్పటి గదుల్లోనే ఉంటున్నారు. అమ్మా నాన్నా పోయారు. అన్నయ్య పెళ్ళి మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది. ఆమెకి ఆ ముచ్చటా లేదు. ఎన్ని మారినా మధ్య గోడ మాత్రం ఉన్నచోటే ఉంది.

అన్నయ్యకి నూనూగు మీసాలు వస్తున్న రోజుల్లో ఎక్కడినుంచో ఒక పాత రికార్డు ప్లేయరు మోసుకొచ్చాడు. దాని వెనకే జులపాల జుట్టు స్నేహితులు వచ్చారు. తలుపు బిడాయించుకుని, ఎవరికీ అర్థం కాని భాషలో, గిటార్లు గోలపెట్టే రాక్ పాటలు పెట్టేవాళ్ళు. "ఇల్లు కూలి నెత్తిన పడుతుందిరా!" అని నాన్న వీధిలోంచి అరిచేవాడు. ఆడపిల్లని, పైగా చిన్నదాన్ని, ఆ గది గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. ఆమె ఇటు మంచమెక్కి చెంప గోడకి ఆనించుకునేది. ఆ గోడ ఉత్త పిసినారిది. పాడేవాడి గొంతూ, సన్నగా కేకలు పెట్టే గిటారూ అన్నీ తనే మింగేసి, అడుగున మోగే డ్రమ్ముల్నీ బేస్ గిటారునీ మాత్రం ఇటు వదిలేది. ఆమె ఆ సగం పాటలతోనే పెరిగింది. పెద్దయ్యాక ఒకసారి బస్సులో ఆ పాటల్లో ఒకటి వినపడితే, మధ్యలో వీడెవడు ఇలా అరుస్తున్నాడని విసుక్కుంది. పల్లవి మొత్తం అయిపోయాక గానీ అది తన పాటేనని పోల్చుకోలేకపోయింది.

ఒకరోజు పాట ఆగిపోయాక ఆమె వేళ్ళు ఆగలేదు. గోడ మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఇక తిట్లు తప్పవని దుప్పటి ముసుగేసుకుంటే, అవతలినుంచి ఒక దెబ్బ జవాబొచ్చింది. అలా మొదలైంది ఆట. అతనిది ఒకటి, ఆమెవి రెండు. ముందు ఆపినవాళ్ళు ఓడినట్టు. ఎప్పుడూ అన్నయ్యే ఆపేవాడు. "ఓడిపోయానే తల్లీ!" అని అరిచేవాడు. చెల్లెల్ని గెలిపించడానికే ఓడిపోయేవాడని గ్రహించేసరికి ఆమె తల నెరిసింది.

మిగిలిన పాలు గ్లాసులో పోసుకుని అతని గదిలోకి వెళ్ళింది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి వీపు వెనక దిండ్లు పేర్చుకుని కూర్చునే ఉంటాడు. మొహం పాలిపోయి ఉంది, కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి. ప్లేయరు మీద ఏళ్ళుగా కప్పి ఉన్న గుడ్డ లేదు.

"బెల్టు మార్పించాను. తిరుగుతోంది," అన్నాడు. ఒక్కో మాటకీ ఆగుతున్నాడు. "ఇవాళ పని మానెయ్యకూడదూ? ఇక్కడే కూచుని విందువుగాని."

"నాకు గోడ అవతలే బాగుంటుందిలే అన్నయ్యా."

"ఒక్కసారైనా పాట మొత్తం వినవే. సగం పాటతోనే ముసలిదానివైపోయావు."

ఆమెకి నవ్వొచ్చింది. అతను కూడా నవ్వబోయాడు గానీ అది దగ్గులో కలిసిపోయింది. వీపు రాసింది. చేతి కింద ఎముకలు తగిలాయి.

"కార్ఖానాలో లారీ లోడు వెళ్ళాలి ఇవాళ. సాయంత్రం రాగానే కూచుంటా, సరేనా?"

"సాయంత్రమా..." అని కిటికీ వైపు చూశాడు. "సరే. కుర్చీ వేసి ఉంచుతా."

"మంచం దిగావంటే ఊరుకోను. ఆ పని నేను చేసుకోలేనా?" అని కసిరి, చెప్పులేసుకుంది.

ఆమె పని అట్టపెట్టెల కార్ఖానాలో. అట్టని నొక్కి కోసే ప్రెస్సు నోరు తెరిచినప్పుడు అట్ట లోపల పెట్టాలి, అది నోరు మూసే లోపల చెయ్యి తీసెయ్యాలి. చూసేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. ఆమెకి మాత్రం అది అన్నయ్య గదిలోంచి వచ్చే పాటే. ప్రెస్సు దెబ్బ ఒకటి, తన చేతులవి రెండు. పెదవులు కదుపుతూ పని చేస్తుందని అందరూ డ్రమ్మక్క అంటారు. చెవులు ఏనాడో ఆ ప్రెస్సు మోతకే బలైపోయాయి. పక్కన నిలబడి అరిస్తే తప్ప వినపడదు, అన్నయ్య మాటల్ని పెదవులు చూసి పోల్చుకుంటుంది. చేతికి తగిలిందే ఆమెకి చప్పుడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఉన్నట్టుండి తాళం జారిపోయింది. ఎప్పుడూ లేనిది, లోపల మోగుతున్నదేదో ఎవరో పీకేసినట్టు ఆగిపోయింది. ఆమె చెయ్యి అట్ట మీదే ఉండిపోయింది. ఎదురు ప్రెస్సువాడు ఒక్క అంగలో వచ్చి ఎర్ర బొత్తాం నొక్కాడు. ఇనుప దవడలు ఆమె జాకెట్టు చేతి అంచుని కరిచిపట్టుకుని ఆగాయి.

"ఏంటక్కా! ఎక్కడ పెట్టావు ధ్యాస?" అని చెవిలో అరిచాడు. "ఇంటికి పో. లోడు సంగతి మేం చూసుకుంటాం."

"ఏం లేదులే," అంది. చిరిగిన అంచు మడిచి పిన్ను పెట్టుకుని, సాయంత్రం దాకా పని చేసింది. కానీ ఆ తాళం మళ్ళీ దొరకలేదు. దెబ్బ దెబ్బకీ భయపడుతూనే చేసింది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. మధ్యాహ్నం అన్నయ్యకి అన్నం తెచ్చిపెట్టే పక్కింటావిడ గుమ్మంలోనే ఎదురై, ఆమెకి వినపడేలా గొంతు పెంచింది. "మీ అన్నయ్యకి ఇవాళ ఏం హుషారో గానీ, ఒకటే పాటలు! గిన్నె గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి వచ్చేశాను. తర్వాత సద్దుమణిగింది. నిద్రపోయుంటారు."

ఆమె తన గదిలోకే వెళ్ళింది. ఒంటినిండా అట్ట దుమ్ము. అది పీలిస్తే అన్నయ్యకి దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. అందుకే స్నానం చేసి బట్టలు మార్చుకోనిదే అతని గుమ్మం తొక్కదు. వచ్చానని మాత్రం గోడతో చెబుతుంది. రెండు దెబ్బలు కొట్టి, అరచెయ్యి ఆనించింది.

వెంటనే తగిలింది జవాబు. పొద్దుటిలా నీరసంగా కాదు, దిట్టంగా. పొద్దుట్నుంచీ గుండెల మీద ఉన్న బండ ఎవరో దించినట్టయింది. హాయిగా నీళ్ళు పోసుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. నడుం లాగేస్తుంటే ఒక్క క్షణమని మంచం మీద కూలబడి, వీపు గోడకి ఆనించింది. దెబ్బ వస్తూనే ఉంది. అన్నయ్య ఆటకి పిలుస్తున్నాడు.

రెండు కొట్టింది. ఒకటి వచ్చింది. మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి. పోయిన తాళం దొరికిందని ప్రాణం లేచొచ్చింది. "ఇవాళ బలం వచ్చిందే!" అని గోడతో అంది. వేళ్ళు నొప్పెట్టినా ఆపలేదు. అతనూ ఆపలేదు. తడబడటం లేదు, దగ్గు కోసమైనా ఆగటం లేదు. గదిలో చీకటి ముసురుకుంటున్నకొద్దీ ఆమెకి ఆ నిలకడ చూస్తే ఎందుకో భయమేసింది. ఇంతసేపు అన్నయ్య ఎప్పుడూ ఆడలేదు.

చెయ్యి దించేసింది. "సరే బాబూ, ఓడిపోయాను. ఆపు," అని అరిచింది.

ఆగలేదు.

లేచి అవతలి గుమ్మంలోకి వెళ్ళింది. స్టూలు మీద గిన్నె మూత పెట్టినట్టే ఉంది. తలుపు తోసింది. పాట ఎప్పుడో అయిపోయింది. ఎత్తేవాళ్ళు లేక, ముల్లు రికార్డు చివరి గీతలో పడి, తిరిగి తిరిగి ఒకేచోట తట్టుకుంటోంది. ఆ తట్టు గోడకి చేరేసిన స్పీకరు పెట్టెలోంచి దెబ్బై వస్తోంది. అన్నయ్య కూర్చునే ఉన్నాడు. తల పక్కకి వాలింది. గోడ వైపు చాచిన చెయ్యి గోడకి అందకుండా ఆగిపోయింది. ఆ చెయ్యి పట్టుకుంది. ఎప్పుడో చల్లబడిపోయింది.

"ఇంతసేపూ నాతో ఎవరు ఆడారన్నయ్యా?" అంది. ఏడుపు తర్వాత వచ్చింది.

ముల్లు ఎత్తడానికి మనసొప్పలేదు. దీపం వేసింది. అప్పుడు కనిపించింది, స్పీకరు పెట్టెకి ఎదురుగా వేసి ఉన్న కుర్చీ. ఆమె నడుముకి ఆసరాగా, అతను తన వీపు వెనకది తీసి పెట్టిన దిండు దాని మీద నలగకుండా నిలబడి ఉంది.