హాల్లో పరిగె

పొద్దున్నే వాకిలి ఊడ్చి గోడవతల పోసిన బాదం ఆకుల్ని మళ్లీ ఇంట్లోకి తెచ్చి హాల్లో పరచమన్నారు మా ఆయన. చీపురింకా నా చేతిలోనే ఉంది. సరిగ్గా వినలేదేమో అనుకుని మళ్లీ అడిగాను. పరచమనే అన్నారు. ఎర్రబడ్డవి ఏరి, ముందు తడిగుడ్డతో తుడవమన్నారు, చీమలుంటాయట. పెళ్లయిన పదకొండేళ్లుగా రోజూ ఎత్తిపోస్తున్న చెత్తని ఒళ్లు తుడిచి లోపలికి పిలవాల్సి వస్తుందని నేనేనాడూ అనుకోలేదు.

ఆటమ్ అంటే ఆకులు రాలే కాలమట. దొరల దేశాల్లో అప్పుడు చెట్లన్నీ ఎర్రగా, పసుపుగా మారతాయట. ఆ కాలం పేరు చెప్పి పార్టీలు చేసుకుంటారట. కోనసీమలో పుట్టి పెరిగినదాన్ని, మాకు తెలిసిన కాలాలు మూడే: ఎండ, వాన, తుఫాను. కొబ్బరిచెట్టు ఏ కాలంలోనూ రంగు మార్చదు. మన వాకిట్లో ఆకులు రోజూ రాలతాయి కదండీ, దానికి పార్టీ ఎందుకు అన్నాను. "అదే నీతో చిక్కు సరోజినీ. నీకు ప్రతిదీ చెత్తలాగే కనిపిస్తుంది" అన్నారు. నిజమేనేమో అనుకున్నాను. ఆయన ఏదన్నా ముందు నిజమేనేమో అనుకోవడం నాకు అలవాటైపోయింది.

ఆయన పేరు కృపారావు. రాజోలు దగ్గర గ్యాస్ కోసం తవ్వుతున్న కంపెనీలో ఇంజనీరు. కొత్తగా వచ్చిన పై ఆఫీసరు సేన్‌గారిది కలకత్తా. ఆయన భార్య చిన్నప్పుడు ఇంగ్లండులో పెరిగారట, ఇక్కడ ఆటమ్ అనేదే లేదే అని ఎప్పుడో ఒక మాట అన్నారట. ఆ మాట పట్టుకుని, నవంబరులో మొదటి శనివారం మా ఇంట్లో ఆటమ్ కాక్‌టెయిల్ పార్టీ అని ఈయన నలుగురిలో చెప్పేసి వచ్చారు. బొంబాయి పోస్టింగు ఎవరికివ్వాలన్నది సేన్‌గారి చేతిలో ఉంది. జీపు డ్రైవరు బంగారరాజు యానాం వెళ్లి సీసాలు తెచ్చాడు. మా ఇంట్లోకి మందు రావడం అదే మొదలు. సారా తాగి తాగి పోయినవాడు మా నాన్న. ఆ సంగతి తెలిసే ఆయన నన్ను చేసుకున్నారు. ఇది అది కాదు, ఇందులో పళ్లరసం కలుపుతారు అన్నారు.

వద్దని గట్టిగా అన్నానా అంటే, లేదు. బండార్లంక నేతగాళ్ల దగ్గరికి వెళ్లి నాకోసం ఎండుటాకు రంగు చీర తెచ్చారు. పెళ్లయ్యాక ఆయన తనంతట తాను నాకు చీర తేవడం అది రెండోసారి. పార్టీ కోసం తెచ్చారా, నా కోసం తెచ్చారా అని రెండు రోజులు ఆలోచించి, రెండో రోజు సాయంత్రం జాకెట్టు కుట్టడానికిచ్చాను.

గర్ల్స్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను నేను. ఆ శనివారానికి సెలవడిగితే హెడ్మాస్టరు గారు, మీ ఆడవాళ్లకి ఉద్యోగం కాలక్షేపం కదమ్మా అని నవ్వి, ఆదివారం దిద్దుకోమని ఓ పేపర్ల కట్ట చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి, ఆకుల పండగే కదా, పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వేస్తానంటే వద్దన్నారు మా ఆయన. పుల్లకి గుచ్చి నోట్లో వేసుకునేవే ఉండాలట. అలాంటి పుల్లలు అమలాపురం బజారంతా తిరిగినా దొరకలేదు. కొత్త చీపురొకటి విప్పి, కొబ్బరి ఈనెలు కడిగి, ముక్కలు కోసి, రొయ్యలకు గుచ్చాను. చీపురు పుల్లలని ఎవరితోనూ అనకన్నారు.

మా అమ్మ దీనమ్మ మధ్యాహ్నం బస్సుకి ముమ్మిడివరం నుంచి దిగింది. నెత్తిమీద తెల్లగుడ్డ చుట్టిన వరి పన, కోసి కట్టిన కంకుల కట్ట. మర్నాడు మా చర్చిలో కోత పండుగ. పొలం ఉన్నవాళ్లంతా మొదట కోసిన పంట తెచ్చి దేవుడి ముందు పెడతారు. దానికి పేరు రాసిన చీటీ కడతారు, సంఘప్పెద్ద ఆ పేర్లు అందరి ముందూ చదువుతాడు. అమ్మ పేరు ఎప్పుడూ చదవలేదు. నలభై ఏళ్లు ఒకరి చేలల్లోనే కోసింది మరి. కోతలయ్యాక రాలిన కంకులు, గింజలు కూలాళ్లు ఏరుకోవడాన్ని పరిగె అంటారు. ఆ పరిగె గింజలమ్మే నన్ను చదివించింది. సీలింగు కింద సర్కారు పంచిన మిగులు భూమిలో ముప్పై సెంట్లకు పట్టా ఇచ్చారు గాని, అది ఏడేళ్లు కోర్టులో నలిగి ఈ ఏడే చేతికొచ్చింది. ఇది ఆమె సొంత చేలో మొదటి పన.

"కింద పెట్టకమ్మా, గింజ రాలిపోద్ది" అంది. "ఇంకా ఒక్క ముద్ద కూడా నోట్లో ఎట్టలేదు. ముందు దేవుడికి."

ఆయన భోజనానికి వచ్చి ఆ పనను చూశారు. మొహం వెలిగిపోయింది. అత్తయ్యగారూ, సమయానికి తెచ్చేరండీ అంటూ తనే మోసుకెళ్లి, హాల్లో బల్లమీద ఇత్తడి బిందెలో నిలబెట్టి, చుట్టూ సీసాలు పేర్చారు. అమ్మ నా మొహం చూసింది. వద్దండీ అని నేనొక్క మాట అంటే అయిపోయేది. నేను నోరు తెరిచేలోగా, తెరిచేదాన్నో లేదో నాకూ తెలియదు, "ఆయ్, అలాగేనండి అల్లుడుగారూ. రేప్పొద్దుటికి ఉంటే చాలండి" అంది అమ్మ.

ఆ తర్వాత నేను చేసిన పని ఎవరితోనూ చెప్పుకోలేదు. కంకులన్నీ ఓ పక్కకు ఒరిగి ఉంటే వెళ్లి సర్దాను. నడుముకి ఎర్ర రిబ్బను కట్టాను. దూరంగా నిలబడి చూసుకున్నాను. బాగుంది. సిగ్గులేని దాన్ని, చాలా బాగుందనుకున్నాను. ఆకులు, కంకులు, సాయంత్రపు ఎండ, ఎండుటాకు రంగు చీర. నా ఇల్లు నాకే కొత్తగా ఉంది. ఆ ఇంటావిడ నేనా, కంకులు తెచ్చినావిడ కూతురు నేనా? ఇద్దరూ నేనే అయితే ఒకరి ఆనందం ఇంకొకరికి ఎందుకు గిట్టదు? ఈలోగా ఆయన వచ్చి, అత్తయ్యగారిని వంటింట్లోనే ఉండమను, ఇంగ్లీషు రాక ఇబ్బంది పడతారు, ఆవిడ మంచికే చెబుతున్నాను అన్నారు. మంచికే కదా అనుకున్నాను.

ఆరింటికల్లా ఎనిమిది మంది వచ్చారు. మిసెస్ సేన్ చెప్పులు విడిచి ఆకులమీద నడిచి చిన్నపిల్లలా మురిసిపోయారు. మంచి మనిషే పాపం. నా చేతికో గ్లాసు ఇచ్చారు మా ఆయన. ఉత్త కొబ్బరినీళ్లు, నిమ్మచెక్క. మందు ఉన్నట్టే పట్టుకోమన్నారు. లేనిదాన్ని ఉన్నట్టు పట్టుకోవడం ఎలాగో తెలియక రెండు చేతులతో పట్టుకున్నాను. ఈ అలంకారమంతా ఎవరి ఆలోచన అని ఆవిడ అడిగితే, నాదేనండి, మా ఆవిడ కాస్త సాయం చేసింది అన్నారాయన. ఈ వరి ఎక్కడిది అంటే, మా పొలందే, తాతల నాటిది అన్నారు. వాళ్ల తాతా మా తాతా ఒకే కామందు దగ్గర పాలేళ్లు.

మిసెస్ సేన్‌కి సరదా పుట్టింది. ఒక్కొక్క కంకీ తుంచి మగవాళ్లందరి చొక్కా జేబుల్లోనూ గుచ్చారు. మా ఆయన జేబులో రెండు గుచ్చారు. అందరూ నవ్వుతున్నారు. తుంచినప్పుడల్లా గింజలు రాలి ఆకుల్లో పడుతున్నాయి. ఆ చిన్న చప్పుడు వంటింట్లోకి వినపడిందంటే నమ్మరు. అమ్మ గుమ్మం దాటి వచ్చింది. ఎవరివంకా చూడలేదు. కొంగు దోపుకుని వంగి, ఒక్కొక్క ఆకూ పక్కకు తీసి, గింజలు ఏరి ఒళ్లో వేసుకోవడం మొదలుపెట్టింది. కోసిన చేలో ఎలా ఏరేదో అలాగే, వరసలో, గింజ వదలకుండా.

ఎంత సహజంగా ఉందో, ఇప్పుడు మీ ఆటమ్ పూర్తయింది అన్నారు మిసెస్ సేన్ నిజంగా ముచ్చటపడి. మా ఆయన చిన్నగా నవ్వి, పొలంలో పనిచేసే ముసలిదండీ, పాత అలవాటు అని ఇంగ్లీషులో అన్నారు.

అమ్మకి ఇంగ్లీషు రాదు. నాకు వచ్చు. ఆ గింజలమ్మే నేర్పించింది.

గ్లాసు బల్లమీద పెట్టాను. కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని వెళ్లి అమ్మ పక్కన కూర్చుని నేనూ ఏరాను. ఏదో పోయిందనుకుని మిసెస్ సేన్ ఏం వెతుకుతున్నారు అని అడిగారు. క్లాసులో మాట్లాడే గొంతు వచ్చేసింది నాకు. "ఈవిడ మా అమ్మండి. ఆ చేను ఈవిడది" అన్నాను, ఇంగ్లీషులోనే.

ముందుగా సేన్‌గారు జేబులోంచి కంకి తీసి బల్లమీద పెట్టారు. తర్వాత ఒక్కొక్కరూ పెట్టారు. మా ఆయన జేబులో రెండూ అలాగే ఉన్నాయి. వాళ్లు పావుగంటలో మర్యాదగానే చెప్పి వెళ్లిపోయారు.

"అమ్మ అని చెప్పకపోతే నీకేం పోయేది? నేనేమన్నానో అత్తయ్యగారికి తెలిసేదా?" అన్నారాయన. ఆయన పరువు తీశానా? పోస్టింగు పోగొట్టానా? అసలు నాకు కోపం వచ్చింది అమ్మని ముసలిది అన్నందుకా, ఈ అలంకారం తనదే అన్నందుకా? రెండోదే ముందు గుచ్చుకుందేమో అనిపించి నామీద నాకే అసహ్యం వేసింది. అమ్మ మాత్రం, అల్లుడుగారి మీద కోపం ఎట్టుకోకమ్మా అంది. తర్వాత గ్లాసుల్లోంచి మందు చిలికిన కంకులు వాసన చూసి, "ఇది మీ నాన్న వాసనే. దేవుడికి పనికొత్తాదంటావా?" అని అడిగింది.

ఆదివారం పొద్దున్న రిబ్బను విప్పేసి, మిగిలిన కంకుల్ని కొబ్బరి తాడుతో మళ్లీ కట్టింది అమ్మ. ఏరిన గింజలు మూటగట్టాను. బల్లమీద ఆయన అప్పటికే రాసి పెట్టిన చీటీ ఉంది, కృపారావు కుటుంబం అని. పేపర్ల కట్టలోంచి ఒక తెల్లకాగితం చించి, దీనమ్మ, ముప్పై సెంట్లు అని రాసి పనకి కట్టాను. వాసన వస్తూనే ఉంది. రానీ, దేవుడికి తెలియని వాసనా అనుకున్నాను. అంతకుమించి నాకేమీ తేలలేదు.

ఇస్త్రీ చొక్కాతో ఆయన హాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎర్రటి ఆకులు రాత్రి తొక్కిన తొక్కుడుకి నలిగి గదంతా పరుచుకుని ఉన్నాయి. పనకి కట్టిన చీటీ చూశారు. కింద చూసి, "ఇదంతా ఎప్పుడు తీస్తావు?" అన్నారు.

పనను అమ్మ నెత్తికి ఎత్తి, మూట చంకన పెట్టుకుని, చెప్పులేసుకున్నాను.

"ఆటమ్ అయిపోయిందాండీ? చీపురు తలుపు వెనకాల ఉంది."