కాంతయ్య ముడి

"వదినా, సూదులు ఉడికినాయా? పెద్ద డాక్టరు వొచ్చే రోజు కదా లా!" మరిది అప్పలసామి కేక.

ఉడికాయి. మలయాలో సుంగై పెటాని దగ్గరి ఈ రబ్బరు తోట ఆస్పత్రిలో ఇరవై ఏళ్ళుగా సూదులు ఉడికించేదీ, నెత్తుటి గుడ్డలు ఉతికేదీ నేనే. జీతం గాయాలకు కుట్లూ కట్లూ వేసే డ్రెస్సరుది. ముందు మామగారు, తర్వాత మా ఆయన కాంతయ్య, ఆయన పోయిన ఈ నాలుగు నెలలుగా మరిది. ఇవాళ డాక్టరు మెచ్చితే అతని ఉద్యోగం ఖాయం. నాకు మరో ఇరవై ఏళ్ళ గుడ్డలు. "మాది వైద్దుల ఇల్లు. ఆడదానికి రగతం సూస్తే కళ్ళు తిరుగుతాయి," అనేవారు మామగారు. తిరిగింది ఆయన కొడుకులకే. కమ్యూనిస్టులతో పోరు నడిచిన ఎమర్జెన్సీ రోజుల్లో తూటా గాయాలు సైతం తెర వెనక కుట్టింది నేను. తెర ముందుకొచ్చి చేతులు తుడుచుకున్నది మా ఆయన.

మెర్డేకా, అదే స్వాతంత్ర్యం, వచ్చాక సాయంత్రం బడిలో, నలభై మూడేళ్ళకు, అక్షరాలు దిద్దాను. నిన్న మద్రాసు పత్రిక ఒకటి కూడబలుక్కుని చదివాను. వెనకటి ఐరోపాలో కత్తివైద్యం కొన్ని ఇళ్ళ సొత్తట. తాత, తండ్రి, కొడుకు. పనిముట్లు పరాయి కంట పడనిచ్చేవారు కాదట. అచ్చం మా మామగారి ఇల్లే! కింది వాక్యం మీద నా వేలు ఆగిపోయింది: కొన్ని ఊళ్ళలో భర్త పోతే భార్యే ఆ వైద్యశాల నడిపేదట. మూడుసార్లు చదివాను. వాళ్ళ పేర్లు వెయ్యలేదు. అయినా ఉన్నారు! తెల్లారి సూదులు ఉడికిస్తూ ఆ వాక్యమే మళ్ళీ మళ్ళీ అనుకున్నాను.

డాక్టరు వేలాయుధం ఒక కూలీ కాలి మీది కుట్లు చూసి అరవంలో మురిసిపోయాడు. "అదే కాంతయ్య ముడి! అన్న చెయ్యి తమ్ముడికొచ్చింది. రక్తంలోనే ఉంది."

అంతలో రబ్బరు చెట్లు గీసే లెచ్చుమి పరుగున వచ్చింది. గీత కత్తి జారి అరచెయ్యి తెగింది.

"కానియ్యి అప్పలసామీ, నేనూ చూస్తాను," అన్నాడు డాక్టరు.

మరిది మొహం పాలిపోయింది. "వదినా, తెర లాగు," అన్నాడు మెల్లగా.

"ఏటికి బాబూ? మీ ఇంటి ముడేగా, ఎయ్యి." సూది అతని చేతిలో పెట్టాను. అది జారి పళ్ళెంలో ఖంగున పడింది.

"ఓలమ్మా, ఎంకమ్మక్కే కుట్టనీ!" లెచ్చుమి అరిచింది. "నా మొగుడి భుజం కుట్టింది ఈవిడే కాదేటి?"

డాక్టరు నా వైపు తిరిగాడు.

ఉడికిన మరో సూది తీసుకుని, తెరను గోడదాకా తోసేశాను.

"వెలుతురులో కూకో లెచ్చుమీ," అన్నాను. "ఇయ్యాల అందరూ సూడాల."