పాదాలకు వినిపించే పెట్టె

నేను ఒక యాంప్లిఫయర్ని. పాట పుట్టించడం నాకు రాదు. ఎవరో ఇచ్చిన సన్నటి శబ్దాన్ని గది నిండేలా పెంచి పంపడమే నా పని. కాకినాడ జగన్నాథపురంలో యేసుదానం అనే రేడియో మెకానిక్ నన్ను తయారుచేశాడు. రేకు పెట్టె తనే వంచాడు, ట్రాన్స్‌ఫార్మరుకి తీగ తనే చుట్టాడు, పైన టేకుచెక్కలా కనబడే కాగితం అంటించాడు. మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు నా నుదుట ఎర్రదీపం వెలిగింది. ఆ సంతోషంలో పక్క కొట్లవాళ్ళందరికీ టీ తెప్పించాడు.

నన్ను మొదట కొన్నది పోర్టు ఆఫీసు గుమాస్తా భాస్కరనారాయణ. ఆయనకి నా మీద ఎంత ప్రేమంటే, నన్ను మోగనిచ్చేవాడు కాదు. కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు మాత్రం తీసి, "జాగ్రత్త, ముట్టుకోకండి" అంటూ చూపించేవాడు. మనుషులు ఇష్టమైన వస్తువుని ఎందుకు పనిచేయనివ్వరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన బదిలీ మీద వెళుతూ సామాను అమ్మేస్తే సుభానీ అనే ఆయన కేసెట్ల కొట్లోకి చేరాను. అక్కడ దానికి పూర్తిగా ఎదురు. పొద్దున్న షట్టరు లేచిన దగ్గర్నుంచి దించేదాకా నాకు ఊపిరి సలిపేది కాదు. ఎవరి పాటైనా ఎవరికైనా కాపీ చేసిచ్చేవాళ్ళం. పాడినవాళ్ళకి మాత్రం ఆ సంగతి తెలిసేది కాదు. చివరికి కేసెట్ల కాలం పోయింది. సుభానీ ఆ కొట్లోనే ఫోన్ల కవర్లు పెట్టి నన్ను అటకెక్కించాడు.

అటక మీంచి నన్ను దింపించింది హైమవతి. రామారావుపేటలో నాట్యం నేర్పే మనిషి. సన్నగా, నిటారుగా ఉంటుంది. ఒకసారి ఏదైనా అనుకుంటే ఇక ఆవిడకి ఎవరి మాటా చెవినెక్కదు. ఆవిడ తాళం వేస్తూ జతులు చెబుతుంటే మైకులోంచి నేను అందుకుని రెండు పెద్ద స్పీకర్లలోంచి పలికేవాణ్ణి.

ఆ ఇంట్లోనే నేను సుస్వరని చూశాను. పుట్టుకతోనే ఆ పిల్లకి వినబడదు. పేరు పెట్టేనాటికి ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తెలీదు. తెలిశాక మార్చడానికి వాళ్ళమ్మకి మనసొప్పలేదు. పెద్దమ్మ కూతురు నాట్యం నేర్చుకుంటుంటే తోడుగా వచ్చి, మూల కూర్చుని స్పీకరు పెట్టెకి వీపు ఆనించేది. ఒకరోజు హైమవతి జతి చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఆ చిన్నపిల్ల కాలు తాళం తప్పకుండా నేలమీద పడుతోంది. నాట్యం నేర్చుకోవడానికి వచ్చిన పిల్లది మాత్రం తప్పుతోంది.

ఆ తరువాత హైమవతి పడవలు కట్టేచోట మిగిలిన పలకలు తెప్పించి గది నిండా చెక్క వేదిక వేయించింది. స్పీకర్లని దానికింద బోర్లా పడుకోబెట్టింది. నేను పెంచి పంపిన ప్రతి దెబ్బా పలకల్లోంచి సుస్వర అరికాళ్ళకి చేరేది. ఇన్నాళ్ళూ నేను చెవుల కోసమే పుట్టాననుకున్నాను. ఆ పిల్ల పాదాల కింద నాకు వేరే పని దొరికింది.

సుస్వర పెద్దదైంది. ఫోన్లు బాగుచేసే కొట్లో పనికి చేరింది. సాయంత్రాలు నాట్యం మానలేదు. డిప్లొమా పరీక్షకి దరఖాస్తు పెడితే, "వినబడని అమ్మాయికి తాళం పరీక్ష ఎలా పెడతాం?" అని తిప్పి పంపారు. హైమవతి ఊరుకోలేదు. వెళ్ళి అడిగింది, మళ్ళీ వెళ్ళింది, గుమ్మంలో కూర్చుంది. ఆఖరికి పరీక్షకులు ఇద్దరు ఇంటికే వచ్చి చూస్తామన్నారు. ఒకే షరతు. ముందుగా నేర్చుకున్న అంశం కాకుండా, అప్పటికప్పుడు వాళ్ళు వేసే తాళానికి సుస్వర అడుగు వేయాలి.

పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం, సాధన మధ్యలో, నేను ఆగిపోయాను.

నొప్పి లేదు, చప్పుడు లేదు. దీపం ఆరిపోయింది, అంతే. సుస్వర వేదికమీద నిలబడి కాళ్ళకేసి చూసుకుంది. తరువాత నాకేసి చూసింది.

హైమవతి స్విచ్చి పైకీ కిందకీ వేసి చూసింది. "ఇవాళే పోవాలా నువ్వు" అంది నాతో. వేరేది అద్దెకి తెద్దామంటే వినాయక నవరాత్రులు. ఊళ్ళో సౌండ్ పెట్టెలన్నీ పందిళ్ళలో ఉన్నాయి. సుస్వర దగ్గరున్న చిన్న ఫోను స్పీకరు పెడితే పలక మీద చీమకి కూడా తెలియలేదు.

సుస్వర కొట్టుకి సెలవు పెట్టింది. పనిముట్ల సంచి తెచ్చి నా ముందు చాప వేసుకుంది. నా ప్లగ్గు తీసి ఆ సాకెట్లో టేబుల్ ఫ్యాను పెట్టింది. ఫ్యాను తిరిగింది. అంటే కరెంటు ఉంది. నా తీగని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మీటరుతో చూసింది. తీగ బాగుంది. వెనక మూత తిప్పి గాజు ఫ్యూజు బయటికి లాగింది. లోపలంతా నల్లబడి ఉంది. అదే కొలతది కొత్తది తెచ్చి వేసింది. స్విచ్చి వేయగానే అదీ తెల్లగా మెరిసి నల్లబడిపోయింది.

వీధి చివర పందిరికి లైట్లు కట్టే కనకారావుని హైమవతి పిలుచుకొచ్చింది. అతను నిలబడే చూశాడు.

"ఆయ్, ఇదేముందండి మేడంగారూ, ఫ్యూజు చోట రాగితీగ రెండు చుట్లు చుట్టేద్దారండి. రేపు మీ పని అయిపోద్ది. తర్వాత చూసుకుందారి."

హైమవతి ఆశగా సుస్వర వైపు తిరిగి, ఆ మాట చేతులతో చెప్పింది. సుస్వర తల అడ్డంగా ఊపింది. దాని వేళ్ళు గబగబా కదిలాయి.

"వద్దంటోంది" అంది హైమవతి. "ఫ్యూజు పోయింది దీన్ని కాపాడటానికట. తీగ చుడితే ఫ్యూజు బదులు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుందిట. అప్పుడు రేపూ ఉండదు, ఎల్లుండీ ఉండదట."

కనకారావు గడ్డం గోక్కున్నాడు. "అదీ నిజమేనండి. అయితే సీరీస్ బల్బు పెట్టుకుని చూడమనండి. నా దగ్గరుంది, ఇస్తాను." పందిట్లోంచి హోల్డరూ వందవాట్ల పాత బల్బూ తెచ్చి, నాకు వచ్చే కరెంటు ముందు ఆ బల్బులోంచి వచ్చేలా కట్టి చూపించాడు. "లోపల ఎక్కడైనా షార్టు ఉందనుకోండి, బల్బు ఫుల్లుగా ఎలుగుద్ది. మీ పెట్టెకేం కాదు. నేను ఎల్లాలండి, అక్కడ కుర్రోళ్ళు కాసుక్కూర్చున్నారు."

సుస్వర ఇంకో ఫ్యూజు పెట్టి స్విచ్చి వేస్తే బల్బు భగ్గున వెలిగింది. హైమవతి ముఖం వాడిపోయింది. సుస్వర ముఖంలో మాత్రం ఉత్సాహం వచ్చింది. నా రోగం ఇప్పుడు దానికి కళ్ళతో కనబడుతోంది.

ప్లగ్గు తీసి, ట్రాన్స్‌ఫార్మరు నుంచి లోపలికి వెళ్ళే తీగలు విడదీసింది. మళ్ళీ ప్లగ్గు పెట్టింది. బల్బు వెలగలేదు. అప్పుడు నా ట్రాన్స్‌ఫార్మరు మీద నెమ్మదిగా అరచెయ్యి ఆనించింది. యేసుదానం చుట్టిన ఆ తీగచుట్ట సన్నగా గుర్రుమంటోంది. ఆ గుర్రు చెవులున్న హైమవతికి వినబడలేదు. సుస్వర అరచేతికి తెలిసింది.

"బతికే ఉంది" అంది చేతులతో. "దెబ్బ వేరేచోట."

తీగలు మళ్ళీ కలిపింది. ఈసారి నా కుడి భాగానికి వెళ్ళే తీగ ఒక్కటే విప్పింది. బల్బు మసకబారింది. ఎడమవైపు తీగ విప్పి కుడిది కలిపితే మళ్ళీ భగ్గుమంది. కుడివైపు, వేడిని లాగేసే రేకుకి బిగించిన ట్రాన్సిస్టర్లని మరలు తీసి ఒక్కొక్కటే ఎత్తింది. రెండోదాని కింద దొరికింది. ట్రాన్సిస్టరు రేకుకి తగలకుండా మధ్యలో పరిచే పల్చటి అభ్రకం పొర చిట్లిపోయి, ఆ చీలికలో నల్లటి మచ్చ ఉంది. నన్ను పడగొట్టింది అదే. గోరంత ముక్క.

ఆ అభ్రకం ముక్క కోసం సుస్వర మెయిన్‌రోడ్డంతా తిరిగొచ్చింది. రేడియో కొట్లు అన్నీ ఫోను కొట్లయిపోయాయి. ఉత్త చేతులతో వచ్చి చాపమీద కూలబడింది. అలిసిపోయింది. కానీ పనిముట్లు సంచిలో పెట్టలేదు. గది నాలుగువైపులా చూసింది. లేచి వెళ్ళి, మంచంమీద పట్టుచీర పక్కన ఉన్న పాత ఇస్త్రీపెట్టె తెచ్చింది.

"అదెందుకే?" అంది హైమవతి. అంతలో సుస్వర మరలు విప్పేసింది. ఇస్త్రీపెట్టె లోపల, వేడెక్కే పట్టీ చుట్టూ, అభ్రకం పలకలు మెరుస్తున్నాయి.

హైమవతి ఒక్కక్షణం మంచంమీది తన పట్టుచీరకేసి చూసింది. "కానీయ్. రేపు ముడతల చీరతోనే కూర్చుంటాను. పరీక్ష నా చీరకి కాదుగా."

సుస్వర ఆ పలకని బ్లేడుతో పొరగా చీల్చి, కత్తెరతో కోసి, మరలకి చిల్లులు పెట్టింది. మొదటి ముక్క విరిగింది. రెండోదీ విరిగింది. మూడోది నిలిచింది. ట్రాన్సిస్టరు బిగించి, అది రేకుకి ఎక్కడా తగలడం లేదని మీటరుతో చూసుకుని, బల్బు పెట్టి స్విచ్చి వేసింది. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారింది. బల్బు తీసేసి నేరుగా వేసింది. నా నుదుట దీపం వెలిగింది. హైమవతి మైకుముందు తాళం ఒక్క దెబ్బ కొట్టింది. వేదికమీద నిలబడ్డ సుస్వర కళ్ళు మూసుకుంది.

మర్నాడు పరీక్షకులు వచ్చారు. శేషగిరి గారు మెత్తటి మనిషి. రాజ్యలక్ష్మి గారికి మొదటినుంచీ నమ్మకం లేదు. "తాళం వేసే చేతులు చూసి వేస్తుందేమో" అని ఆవిడ అంటే శేషగిరి గారు సుస్వరకి వెనకవైపు కూర్చున్నారు. మైకు ముందు తాళం అందుకుని, ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినని నడక మొదలుపెట్టారు.

సుస్వర కాసేపు కదలలేదు. పాదాలు పలకమీద ఆనించి నిలబడింది. తరువాత అందుకుంది. ఆయన వేగం పెంచితే పెంచింది, నడక మారిస్తే మార్చింది. ఒకచోట తడబడి, తాళం తిరిగి మొదటికొచ్చిన మరుసటి ఆవర్తంలో సరిచేసుకుంది.

నా పక్కనే కుర్చీలో ఉన్న రాజ్యలక్ష్మి గారు మెల్లగా చెయ్యి చాపారు. నా స్విచ్చి కిందకి నొక్కి ఆపేశారు.

శేషగిరి గారి చేతిలో తాళం మోగుతూనే ఉంది. గదిలో అందరికీ వినబడుతూనే ఉంది. సుస్వర ఆగిపోయింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది.

దాని చూపు ఆరిపోయిన నా దీపం మీదికి వచ్చింది. నేను మళ్ళీ పోయాననుకుంది. ముఖం పాలిపోయింది. కానీ ఏడవలేదు, గురువు వైపైనా చూడలేదు. వేదిక దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. స్విచ్చి కిందకి ఉండటం చూసింది. దాని మీద ఇంకా ఉన్న వేలు చూసింది. తలెత్తి రాజ్యలక్ష్మి గారి ముఖంలోకి చూసింది. ఆవిడ వేలు తీసేసింది.

సుస్వర స్విచ్చి వేసి, వెనక్కి వెళ్ళి, పలకమీద నిలబడింది. శేషగిరి గారు తాళం ఆపలేదు. రెండు ఆవర్తాలు పాదాలతో వింది. మూడోదాని మొదటి దెబ్బకి, వెంట్రుకవాసి తేడా లేకుండా, దాని కాలు పలకమీద పడింది.

"ఇక చాలండీ, మార్కులు రాసుకోండి" అన్నారు శేషగిరి గారు, అంతా అయ్యాక.

రాజ్యలక్ష్మి గారు రాసుకోలేదు. చెప్పులు విడిచారు. కుర్చీలోంచి ముందుకి జరిగి, ఒక పాదం పలకమీద పెట్టారు.

"ఇంకొక్కసారి వెయ్యమనండమ్మా" అన్నారు హైమవతితో. "ఈసారి నేనూ వింటాను."